గొయ్యి కాదు, గని కావాలి

నార్త్ కరొలినాలోని షార్లెట్ నుంచి అట్లాంటా వైపు ఇంటర్‌స్టేట్ 85 మీద అరగంటకు పైగా ప్రయాణిస్తే కింగ్స్ మౌంటెన్ అనే చిన్న పట్టణం వస్తుంది. ఊరి పక్కనే చెట్ల చాటున నీళ్ళు నిండిన పెద్ద గొయ్యి ఒకటుంది. 1988లో మూతపడిన లిథియం గని అది. ఇప్పుడు ఆ నీళ్ళు తోడేసి, గొయ్యిని ఇంకా వెడల్పు చేసి, ఇంకా లోతుకు తవ్వి స్పొడ్యుమీన్ ఖనిజం తీయాలని ఆల్బమార్ల్ సంస్థ ప్రణాళిక వేసింది. శుద్ధి కర్మాగారం కోసం అమెరికా ఇంధన శాఖ 2022 అక్టోబరులో దాదాపు 15 కోట్ల డాలర్ల గ్రాంటు ప్రకటించింది. గనికి కావలసిన యంత్రాల కోసం రక్షణ శాఖ 2023 సెప్టెంబరులో మరో 9 కోట్ల డాలర్లు ఇస్తామంది. అంటే ఇది కంపెనీ సొంత వ్యవహారంగా మిగల్లేదు. జనం పన్నుల సొమ్ము ఇందులో భాగమైంది. కాబట్టి జనం అడగదగిన ప్రశ్న ఒకటుంది: ఈ ఖనిజాన్ని ఆకాశానికి నోరు తెరిచిన గొయ్యి నుంచే తీయాలా, భూమి లోపల గని వేసి తీయలేమా?

ఇది ఇంజినీర్లకు వదిలేసే ప్రశ్న అని చాలామంది అనుకుంటారు. నా వాదన అది కాదు. గని ఎలా వేయాలన్న నిర్ణయంలో రాతి స్వభావానిది సగం పాత్రే. దుమ్ము, పేలుళ్ళు, బావుల నీళ్ళు, మట్టిగుట్టలు, పడిపోయే ఇళ్ళ ధరలు, ఈ భారమంతా ఎవరు మోయాలన్నది మిగతా సగాన్ని నిర్ణయిస్తుంది. ఆ లెక్కను అమెరికాలో ఇప్పటిదాకా కంపెనీ తన పద్దు పుస్తకంలోనే చూసుకుంటోంది. గొయ్యి ఎంచుకుంటే ఆ భారం చాలావరకు ఊరి మీద పడుతుంది, అండర్‌గ్రౌండ్ ఎంచుకుంటే కంపెనీ మీద పడుతుంది. కరొలినా లాంటి జనావాసాల మధ్య, గట్టిరాతిలో ఉన్న లిథియాన్ని అండర్‌గ్రౌండ్ పద్ధతిలోనే తీయాలని, అది సాధ్యం కాదని కంపెనీయే నిరూపించుకోవాలని నా అభిప్రాయం.

కింగ్స్ మౌంటెన్ దగ్గర మొదలై ఈశాన్యంగా లింకన్‌టన్ వైపు సాగే ఈ రాతి పట్టీని భూగర్భ శాస్త్రవేత్తలు తగరం-స్పొడ్యుమీన్ పట్టీ అంటారు. ఇందులోని రాయి పెగ్మటైట్. నెల్లూరు వైపు వాళ్ళకు ఇది కొత్త రాయి కాదు. గూడూరు, సైదాపురం ప్రాంతాల అభ్రకం, తెల్లరాయి, ఫెల్డ్‌స్పార్ అన్నీ ఈ కుటుంబానికి చెందిన రాతిలోంచి వచ్చినవే. కరగిన శిల చిట్టచివర గడ్డకట్టే దశలో, మిగతా ఖనిజాల్లో ఇమడని మూలకాలన్నీ ఒకచోట పోగుపడితే పెగ్మటైట్ ఏర్పడుతుంది. అలా పోగుపడిన వాటిలో లిథియం ఉంటే స్పొడ్యుమీన్ స్ఫటికాలు పుడతాయి. సౌత్ డకోటాలోని ఎట్టా గనిలో 40 అడుగులకు పైగా పొడవున్న స్పొడ్యుమీన్ స్ఫటికాలు, నరికి పడేసిన చెట్టు మొద్దుల్లా అడ్డదిడ్డంగా బయటపడ్డాయి. కరొలినాలో స్ఫటికాలు అంత పెద్దవి కావు. కానీ పట్టీ పొడవు, అందులోని నిల్వల వల్ల గత శతాబ్దంలో చాలాకాలం ఈ ప్రాంతమే ప్రపంచ లిథియానికి కేంద్రంగా నిలిచింది.

అప్పట్లో లిథియం అవసరమైంది బ్యాటరీలకు కాదు, బాంబులకు. 1950లలో అమెరికా అణుశక్తి కమిషన్ హైడ్రోజన్ బాంబు కోసం లిథియం హైడ్రాక్సైడ్‌ను పెద్దఎత్తున కొనింది. టెన్నెసీలోని ఓక్ రిడ్జ్‌లో దాని నుంచి లిథియం-6ను వేరుచేశారు. కింగ్స్ మౌంటెన్‌లో ఫుట్ మినరల్ కంపెనీ, ఆ పక్కనే బెసిమర్ సిటీ వైపు లిథియం కార్పొరేషన్ ఆఫ్ అమెరికా గొయ్యిలు తవ్వాయి. ఆ కొనుగోళ్ళు ఆగాక గాజు, పింగాణీ, గ్రీజుల పరిశ్రమలు గనులను నడిపించాయి. ఆ తర్వాత చిలీలోని అటకామా ఎడారి ఉప్పునీటి నుంచి చాలా చౌకగా లిథియం తీయవచ్చని తేలింది. 1984లో అక్కడ ఉత్పత్తి మొదలుపెట్టిన వాళ్ళలో ఫుట్ కంపెనీయే ముందుంది. నాలుగేళ్ళ తర్వాత కింగ్స్ మౌంటెన్ గని మూతపడింది. గొయ్యిలోకి నీళ్ళు ఊరాయి. ఊరివాళ్ళకు ఉద్యోగాలు పోయి, గొయ్యి మిగిలింది.

ఇవాళ అమెరికాలో వాణిజ్య స్థాయిలో చాలాకాలంగా లిథియం తీస్తున్నది ఒక్క నెవాడాలోని సిల్వర్ పీక్. 1966 నుంచి అక్కడ ఉప్పునీటిని మడుల్లో ఎండబెట్టి లిథియం తీస్తున్నారు. ప్రపంచ అవసరంతో పోలిస్తే ఆ ఉత్పత్తి స్వల్పం. ప్రపంచంలో గట్టిరాతి లిథియం అధికంగా ఆస్ట్రేలియాలో తవ్వుతుంటే, దాన్ని రసాయనంగా మార్చే పని అధికభాగం చైనా చేస్తోంది. ఈ పరాధీనత నుంచి బయటపడాలని వాషింగ్టన్‌లో రెండు పార్టీలూ కోరుకుంటున్నాయి. 2022 ద్రవ్యోల్బణ తగ్గింపు చట్టం రాయితీలతో, 2025 మార్చిలో వచ్చిన అధ్యక్షుడి ఉత్తర్వు వేగవంతమైన అనుమతులతో ఒకే దిక్కుకు నడిచాయి. నెవాడాలోని థాకర్ పాస్ గనికి ఇంధన శాఖ 226 కోట్ల డాలర్ల రుణం ఇచ్చింది. 2025 శరదృతువులో ఆ కంపెనీలోనూ, జనరల్ మోటార్స్‌తో కలిసి ఏర్పాటు చేసిన ఉమ్మడి సంస్థలోనూ ప్రభుత్వం 5 శాతం చొప్పున వాటా తీసుకుంది. గనిలో సర్కారు భాగస్వామి అయ్యాక, గని పద్ధతి గురించి మాట్లాడే బాధ్యత సర్కారుకు మరింత పెరుగుతుంది.

ఇక్కడ ఒక తేడా చూడాలి. అమెరికాలో ఉన్న లిథియమంతా ఒకే రకంగా దొరకదు. థాకర్ పాస్‌లోది సుమారు 1.6 కోట్ల ఏళ్ళ నాటి అగ్నిపర్వత బిలంలో పేరుకున్న బంకమన్ను. పైపైనే ఉంటుంది, మెత్తగా ఉంటుంది, లిథియం శాతం తక్కువ. అలాంటి మట్టిలో సొరంగం వేస్తే కప్పు నిలబడదు, నిలబెట్టే ఖర్చు గిట్టదు. నెవాడాలోనే ఉన్న రయోలైట్ రిడ్జ్ కూడా గొయ్యి ప్రాజెక్టే. ప్రపంచంలో మరెక్కడా లేని టీమ్స్ బక్‌వీట్ అనే చిన్న పూలమొక్క ఆ ఒక్క చోటే పెరుగుతోంది. 2022 డిసెంబరులో దాన్ని అంతరించే జాతిగా ప్రకటించాక కంపెనీ తన గొయ్యి నమూనాను మార్చుకోవలసి వచ్చింది. ఆర్కాన్సాలోని స్మాకోవర్ పొరల్లో ఉన్నది ఉప్పునీరు, దాన్ని బోర్లతో పైకి తోడతారు. అండర్‌గ్రౌండ్ గని అన్న మాట నిజంగా వర్తించేది గట్టిరాతి నిల్వలకు, అంటే కరొలినాకు, ఈశాన్యాన మెయిన్ రాష్ట్రానికి. నెవాడాలో అండర్‌గ్రౌండ్ ఎందుకు వేయలేదని అడగడం రాయి తెలియని ప్రశ్న. కరొలినాలో అడగకపోవడం మాత్రం పొరపాటు.

అండర్‌గ్రౌండ్ గని ప్రణాళిక డ్రిల్లింగ్‌తో మొదలవుతుంది. పెగ్మటైట్ పట్టీలు నిట్టనిలువుగానో, వాలుగానో పలకల్లా భూమిలోకి దిగి ఉంటాయి. కొన్ని నాలుగైదు అడుగుల మందం, కొన్ని వంద అడుగుల పైన. ఒకటి చీలి రెండవుతుంది, ఒకటి మధ్యలో సన్నబడి మాయమై మళ్ళీ కింద కనిపిస్తుంది. గొయ్యి తవ్వేవాడికి ఈ వంకరలు పెద్ద ఇబ్బంది కాదు, చుట్టూ ఉన్న రాయంతా ఎలాగూ తీసేస్తాడు కాబట్టి. అండర్‌గ్రౌండ్‌లో ప్రతి వంకరా డబ్బే. అందుకే బోరు రంధ్రాలు దగ్గర దగ్గరగా వేయాలి, రాతి పగుళ్ళ దిశలు కొలవాలి, ఏ పొరలో నీరు ఎంత వేగంతో కదులుతోందో ఏడాది పొడవునా చూడాలి. ఆ తర్వాతే లారీలు దిగే వాలు సొరంగం ఎక్కడ మొదలవ్వాలి, గాలి లోపలికి వెళ్ళే దారి, చెడుగాలి బయటికి వచ్చే దారి ఎక్కడ ఉండాలి, ప్రమాదం వస్తే మనుషులు బయటపడే రెండో మార్గం ఏది అన్నవి గీస్తారు. అమెరికా గని భద్రతా నిబంధనలు రెండు వేర్వేరు నిష్క్రమణ మార్గాలను తప్పనిసరి చేశాయి.

లోపల ఒక షిఫ్టు పని చూస్తే ఖర్చు ఎక్కడ పుడుతుందో అర్థమవుతుంది. రాతి ముఖం మీద జంబో డ్రిల్లుతో రంధ్రాలు వేసి, మందు కూరి, మనుషులందరినీ ఖాళీ చేయించి పేలుస్తారు. పొగ పోయేదాకా ఫ్యాన్లు తిరగాలి. తర్వాత కప్పుకు వేలాడే వదులు రాళ్ళను రాల్చి, రూఫ్ బోల్టులు బిగించి, వైరు వల కప్పి, కొన్నిచోట్ల కాంక్రీటు చిమ్ముతారు. అప్పుడు జియాలజిస్టు కొత్తగా తెరుచుకున్న రాతి ముఖం దగ్గరికి వెళ్తాడు. లేత ఆకుపచ్చ ఛాయ ఉన్న తెల్లటి పెగ్మటైట్ ఒకవైపు, నల్లటి ఆంఫిబొలైట్ మరోవైపు. రెంటికీ మధ్య రంగు డబ్బాతో గీత గీస్తాడు. తర్వాతి పేలుడు ఆ గీత లోపలే ఉండాలి. నల్లరాయి ఎక్కువగా కలిసిపోతే ఇనుము వచ్చి చేరుతుంది, శుద్ధిలో స్పొడ్యుమీన్ విడివడటం కష్టమవుతుంది, కొనేవాడు ధర కోసేస్తాడు. ఈ పనిలో తొందరపడితే నష్టం. గొయ్యిలో వందల టన్నుల బరువు మోసే డంపర్లు పరుగులు తీసినట్టు ఇక్కడ ఏదీ పరుగులు తీయదు.

గొయ్యి మొదట చౌక. పైన ఉన్న ఖనిజం కోసం తీయవలసిన వృథారాయి తక్కువ. లోతుకు వెళ్ళేకొద్దీ గోడలు కూలకుండా గొయ్యిని వెడల్పు చేస్తూ పోవాలి, ఒక్కో టన్ను ఖనిజానికి నాలుగు టన్నులు, ఆరు, పది టన్నుల వృథారాయి తీయవలసి వస్తుంది. ఒక లోతు దగ్గర గొయ్యి ఖర్చు అండర్‌గ్రౌండ్ ఖర్చును దాటుతుంది. కంపెనీలు ఆ గీత ఎక్కడ పడుతుందో లెక్కగట్టి, దాని పైన గొయ్యి, దాని కింద అండర్‌గ్రౌండ్ అంటాయి. లెక్క సరైనదే. అందులో వేసిన అంకెలే అసంపూర్ణం. వృథారాయిని గుట్టగా పోసిన నేల ధర, నీళ్ళు తోడటం వల్ల ఎండిన ఇంటి బావి ధర, గని మూతపడ్డాక వందల ఏళ్ళు నిలిచే గొయ్యి ధర అందులో సరిగా కనపడవు. వాటిని చేర్చితే గీత చాలా పైకి జరుగుతుంది. ఇళ్ళ మధ్య అయితే నేల మట్టానికి దగ్గరగా వచ్చేస్తుంది.

కింగ్స్ మౌంటెన్‌కు తూర్పున గ్యాస్టన్ కౌంటీలో పీడ్మాంట్ లిథియం సంస్థకు ఎదురైన అనుభవం ఈ అంకెలు ఎంత నిజమో చూపించింది. 2016లో అక్కడ అన్వేషణ మొదలైంది. 2020లో టెస్లాతో ఒప్పందం కుదిరి కంపెనీ షేరు ఎగిసింది. నాలుగు గొయ్యిలు తవ్వుతామన్న ప్రణాళిక వెలుగులోకి వచ్చాక, బావుల నీళ్ళ మీద ఆధారపడ్డ రైతులు, ఇళ్ళవాళ్ళు ఎదురుతిరిగారు. 2021 ఆగస్టులో కౌంటీ బోర్డు గనుల మీద తాత్కాలిక నిషేధం పెట్టింది. రాష్ట్రం నుంచి మైనింగ్ అనుమతి వచ్చేసరికి 2024 అయింది. ఈలోగా లిథియం ధర పడిపోయింది. 2022 చివర టన్ను సుమారు 8,000 డాలర్లకు పోయిన శుద్ధి చేసిన స్పొడ్యుమీన్ 2024లో 1,000 డాలర్ల కిందికి దిగింది. 2025లో ఆ కంపెనీ ఆస్ట్రేలియాకు చెందిన సయోనాతో విలీనమై ఎలీవ్రాగా మారింది. ఖర్చు తక్కువని ఎంచుకున్న గొయ్యి ఎనిమిదేళ్ళ కాలాన్ని, మంచి ధర దొరికే అవకాశాన్ని తినేసింది. ఆలస్యం కూడా ఖర్చేనని కంపెనీల పద్దుల్లో ఎక్కడో రాసుకోవాలి.

సింగరేణి ప్రజలకు ఈ కథ కొత్త కాదు. ఇల్లెందు దగ్గర 19వ శతాబ్దంలో మొదలైన బొగ్గు తవ్వకం దశాబ్దాల పాటు అండర్‌గ్రౌండ్‌దే. ఇవాళ ఉత్పత్తిలో సింహభాగం ఓపెన్‌కాస్టులది. ఒకప్పుడు లక్షకు పైగా ఉన్న కార్మికులు ఇప్పుడు 40 వేల దరికి వచ్చారు. టన్ను బొగ్గు చౌకైంది. ఊళ్ళు లేచిపోయాయి, బొగ్గు పైనుంచి తీసిన మట్టి కొండలై నిలిచింది, చుట్టుపక్కల బావుల్లో నీళ్ళు అడుగంటాయి, పేలుళ్ళ సమయానికి ఇళ్ళ గోడలు అదురుతున్నాయి. గోదావరిఖని నుంచి మణుగూరు దాకా ఎవరిని అడిగినా ఓపెన్‌కాస్టు అంటే ఏమిటో చెబుతారు. సింగరేణి మరో పాఠం కూడా నేర్పింది. బొగ్గు తీసిన ఖాళీని గోదావరి ఇసుక, నీళ్ళతో కలిపి గొట్టాల్లో పంపి నింపే స్టోయింగ్ పద్ధతి అక్కడ ఎన్నో ఏళ్ళుగా ఉంది. పైన రైలుమార్గమో, ఊరో ఉన్నచోట కింద బొగ్గు తీయగలిగింది అందువల్లే.

లిథియం గనిలో ఈ నింపడం ఇంకా సులువు, ఎందుకంటే నింపుడు సరుకు పక్కనే ఉంటుంది. 1.2 శాతం లిథియం ఆక్సైడ్ ఉన్న 100 టన్నుల ఖనిజంలో నాలుగింట మూడొంతులు రాబట్టగలిగారనుకుంటే, 6 శాతం గాఢత గల స్పొడ్యుమీన్ 15 టన్నులు వస్తుంది. మిగతా 85 టన్నులు చాలావరకు పొడిచేసిన క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్. సిమెంటు, నీళ్ళు కలిపి ముద్దచేసి ఆ పొడిని లోపలి ఖాళీల్లోకి పంపితే గట్టిపడుతుంది, పక్క గది తవ్వేటప్పుడు గోడలా నిలబడుతుంది. రాయి పొడైతే పరిమాణం పెరుగుతుంది కాబట్టి మొత్తం తిరిగి పట్టదు, సుమారు సగమే లోపలికి వెళ్తుంది. మిగతా సగాన్ని పైన ఉంచక తప్పదు. అయినా గొయ్యి తవ్వినప్పుడు పుట్టే గుట్టలతో పోలిస్తే అది ఎంతో తక్కువ.

ఇది కాగితం మీద ఊహ కాదు. పశ్చిమ ఆస్ట్రేలియాలో పెర్త్‌కు ఈశాన్యంగా సుమారు 680 కిలోమీటర్ల దూరంలో లయన్‌టౌన్ సంస్థ నడుపుతున్న క్యాథలీన్ వ్యాలీ గని 2024 జులైలో ఉత్పత్తి మొదలుపెట్టింది. తొలి ఖనిజం గొయ్యి నుంచే వచ్చింది, తర్వాత పనిని అండర్‌గ్రౌండ్‌కు మార్చారు. ముద్ద నింపే కర్మాగారం కూడా ఏర్పాటైంది. ఆస్ట్రేలియాలో ఇదే తొలి అండర్‌గ్రౌండ్ లిథియం గని. ధర పడిపోయిన కాలంలోనే అది నిలదొక్కుకోవలసి వచ్చింది, 2024 నవంబరులో విస్తరణను తగ్గించుకుంది కూడా. అయినా పని ఆగలేదు. అదే దేశపు ఉత్తర ప్రాంతంలో కోర్ లిథియం సంస్థ 2024 ఆరంభంలో తవ్వకాన్ని ఆపి, బీపీ33 అనే అండర్‌గ్రౌండ్ గని పనులను కూడా నిలిపేసింది. ధర అడ్డం తిరిగితే ముందు ఆగేది తొలిదశలోని అండర్‌గ్రౌండ్ గనే అని ఇది చెబుతోంది. కెనడాలోని మానిటోబాలో బెర్నిక్ సరస్సు అడుగున ఉన్న టాంకో గని దశాబ్దాలుగా పెగ్మటైట్‌నే గదులు, స్తంభాల పద్ధతిలో తవ్వుతోంది. సరస్సును మోయడానికి కొంత విలువైన ఖనిజాన్ని స్తంభాలుగా వదిలేయక తప్పలేదు. ఆ వదిలేసిన ఖనిజమే అక్కడి భద్రతకు కట్టిన ధర.

అండర్‌గ్రౌండ్ అంటే చాలు ఊరు ఒప్పేసుకుంటుందని అనుకోవడం కూడా తప్పే. సెర్బియాలో రియో టింటో తలపెట్టిన జాదార్ గని అండర్‌గ్రౌండే. ప్రజల వ్యతిరేకతతో 2022 జనవరిలో ప్రభుత్వం రద్దు చేసింది, 2024 జులైలో పునరుద్ధరించింది, ఆగస్టులో బెల్‌గ్రేడ్ వీధులు నిండిపోయాయి, చివరికి 2025 నవంబరులో కంపెనీయే దాన్ని పక్కన పెట్టింది. అక్కడి జనానికి భయం గని కన్నా పక్కన వచ్చే రసాయన కర్మాగారం మీద, తమను అడగకుండా నిర్ణయించిన ప్రభుత్వం మీద. ఫ్రాన్స్ వేరే దారి పట్టింది. అల్యే ప్రాంతంలో ఇమెరిస్ సంస్థ తలపెట్టిన అండర్‌గ్రౌండ్ లిథియం గని మీద 2024లో నెలల తరబడి బహిరంగ చర్చ చట్టబద్ధంగా జరిగింది. ఖనిజాన్ని లారీలలో కాకుండా గొట్టాల ద్వారా తరలిస్తామని కంపెనీ ముందుకొచ్చింది. ఆ చర్చ అందరినీ ఒప్పించిందని చెప్పలేం. ప్రశ్నలు మాత్రం గని తవ్వకముందే బల్ల మీదికి వచ్చాయి.

కరొలినాలో అండర్‌గ్రౌండ్ కావాలని అడిగేవాళ్ళు దాని ప్రమాదాలను కూడా అంతే గట్టిగా అడగాలి. ముందుగా నీళ్ళు. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలోకి పాత పనుల్లో నిలిచిన నీరు ఒక్కసారిగా దూసుకొచ్చి 17 మంది కార్మికులు ప్రాణాలు కోల్పోయారు. కింగ్స్ మౌంటెన్‌లో ముప్పై ఏళ్ళకు పైగా నీరు నిండిన గొయ్యి ఉంది. దాని కింద, పక్కన సొరంగాలు వేస్తే గొయ్యి అడుగుకూ సొరంగం కప్పుకూ మధ్య ఎంత రాయి వదలాలో, నీళ్ళు ముందే ఎంత తోడాలో, పాత తవ్వకాల కొలతలు నమ్మదగినవేనో రాతపూర్వకంగా తేలాలి. రెండోది ఊపిరితిత్తులు. పెగ్మటైట్‌లో క్వార్ట్జ్ ఎక్కువ, దాని దుమ్ములో ఉన్న సిలికా పీల్చితే సిలికోసిస్ వస్తుంది. 2024 ఏప్రిల్‌లో అమెరికా గని భద్రతా సంస్థ గనుల్లో సిలికా పరిమితిని ఘనపు మీటరుకు 50 మైక్రోగ్రాములకు తగ్గించింది. ఆ నిబంధన అమలును వాయిదా వేయాలని పరిశ్రమ ఒత్తిడి తెచ్చింది. కొత్త లిథియం గనిని ఆ ఒత్తిడికి వదలకూడదు. నీళ్ళు చిమ్మే డ్రిల్లులు, గాలి శుద్ధిచేసే క్యాబిన్లు, డీజిల్‌కు బదులు విద్యుత్తుతో నడిచే లోడర్లు తొలిరోజు నుంచే ప్రణాళికలో ఉండాలి. బ్యాటరీ కోసం తవ్వే గనిలో యంత్రాలు డీజిల్ పొగ వదులుతుంటే, ఆ పొగ పీల్చేది కార్మికుడే.

మనుషుల కొరత కూడా ఉంది. గ్యాస్టన్, క్లీవ్‌లాండ్ కౌంటీల్లో బట్టల మిల్లులు మూతపడ్డాక ఆ పని వచ్చిన తరం చెదిరిపోయింది. గట్టిరాతి అండర్‌గ్రౌండ్ నైపుణ్యం నెవాడా బంగారు గనుల్లో, టెన్నెసీ జింకు గనుల్లో ఉంది కానీ కరొలినాలో లేదు. గని నిర్మాణానికి పట్టే నాలుగైదేళ్ళలోనే స్థానిక కమ్యూనిటీ కాలేజీల్లో శిక్షణ మొదలుకావాలి. టన్నుకు ఎక్కువ చేతులు కావడం అండర్‌గ్రౌండ్ లోపమని కంపెనీ అంటుంది. పని పోగొట్టుకున్న ఊరికి అదే వరం.

చట్టం దగ్గర ఈ మొత్తం వ్యవహారం బలహీనపడుతోంది. థాకర్ పాస్, రయోలైట్ రిడ్జ్ ఫెడరల్ భూముల్లో ఉన్నాయి. అక్కడ 1872 నాటి గనుల చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది, ప్రభుత్వానికి రాయల్టీ చెల్లించనక్కరలేదు. కనీసం జాతీయ పర్యావరణ విధాన చట్టం కింద ప్రత్యామ్నాయాలను పరిశీలించే ప్రక్రియ అయినా ఉంది. కరొలినా గనులు ప్రైవేటు భూముల్లో ఉన్నాయి. వాటికి ప్రధానంగా వర్తించేది 1971 నాటి రాష్ట్ర మైనింగ్ చట్టం. నీరు, వన్యప్రాణులు, ఇళ్ళకు ప్రమాదం లాంటి నిర్ణీత కారణాలుంటే అనుమతి నిరాకరించవచ్చని అది చెబుతుంది. గొయ్యికి బదులు మరో పద్ధతి ఉందేమో చూపించమని కంపెనీని గట్టిగా నిలదీసే పట్టు అందులో లేదు. మెయిన్ రాష్ట్రం 2017లో చేసిన చట్టం ఈ విషయంలో చాలా ముందుంది. లోహ ఖనిజాల కోసం మూడు ఎకరాలు దాటిన గొయ్యి తవ్వకూడదని అది నిర్దేశించింది. న్యూరీ దగ్గర ప్లంబేగో నార్త్‌లో అసాధారణమైన గాఢత ఉన్న స్పొడ్యుమీన్ బయటపడ్డాక, 2023లో అక్కడి శాసనసభ కొన్ని షరతుల మీద సడలింపు ఇచ్చింది. ఆ సడలింపు నాకు తొందరపాటుగానే తోస్తుంది. అంత గాఢమైన ఖనిజం ఉన్నచోటే అండర్‌గ్రౌండ్ ఖర్చు సులభంగా గిడుతుంది. పరిమితి అలాగే ఉంచి ఉంటే కంపెనీలు లోపలి దారి వెతుక్కునేవి.

చేయవలసిన పనులు కష్టమైనవేమీ కావు. గ్రాంటో, రుణమో, వాటానో ఇచ్చేముందు ఫెడరల్ ప్రభుత్వం ఆ గనిని అండర్‌గ్రౌండ్ పద్ధతిలో కూడా పూర్తిస్థాయిలో లెక్కగట్టి ఆ లెక్క బయటపెట్టమని షరతు పెట్టాలి. అందులో ఊరికి జరిగే నష్టం కూడా అంకెల్లో ఉండాలి. రక్షణ శాఖ ఇచ్చిన 9 కోట్ల డాలర్లు ప్రధానంగా గొయ్యి యంత్రాల కోసమే. అదే సొమ్ము వాలు సొరంగం వేయడానికో, నింపుడు కర్మాగారానికో ఇస్తే అండర్‌గ్రౌండ్‌కు మొదట్లో ఎదురయ్యే పెట్టుబడి భారం తగ్గుతుంది. అండర్‌గ్రౌండ్ గనికి అధికంగా ఖర్చయ్యేది ఉత్పత్తి మొదలయ్యే ముందే. ధర పడినప్పుడు ఆగిపోయేది కూడా అప్పుడే. ప్రభుత్వం చేయూతనివ్వవలసింది సరిగ్గా ఆ దశలోనే. ఇక నార్త్ కరొలినా శాసనసభ తన 1971 చట్టాన్ని తిరగరాసి, ఇళ్ళకు నిర్దిష్ట దూరంలోపు గొయ్యి కోరే ప్రతి దరఖాస్తుదారూ అండర్‌గ్రౌండ్ ఎందుకు కుదరదో నిరూపించాలని చేర్చాలి.

మన దేశం ఇప్పుడిప్పుడే ఈ దారిలో అడుగుపెడుతోంది. 2023 ఆగస్టులో సవరించిన గనుల చట్టం లిథియాన్ని అణు ఖనిజాల జాబితా నుంచి తప్పించి ప్రైవేటు వేలానికి తెరిచింది. జమ్మూలోని రియాసీ నిల్వలకు కొనేవాళ్ళు సరిగా రాలేదు. ఛత్తీస్‌గఢ్‌లోని కట్‌ఘోరా బ్లాకు 2024లో అమ్ముడైంది. కర్ణాటకలోని మండ్య దగ్గర మార్లగళ్ళలో పెగ్మటైట్ లిథియం దొరికింది. నెల్లూరు అభ్రకం పట్టీలోనూ అన్వేషణ జరుగుతుందని ఎదురుచూడవచ్చు. అక్కడి పొలాలు, తోటలు, నిమ్మ చెట్ల మధ్య గొయ్యి ఎలా ఉంటుందో తెల్లరాయి తవ్వకాలు చూసినవాళ్ళకు చెప్పనక్కరలేదు. వేలంపాట పత్రం రాసే రోజునే గని పద్ధతిని, నింపుడు షరతును, బావుల కొలతలను అందులో చేర్చకపోతే, తర్వాత ఎంత పోరాడినా కంపెనీ చూపించేది తన హక్కు పత్రాన్నే.

షార్లెట్ చుట్టుపక్కల స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. గని అనుమతులపై జరిగే బహిరంగ విచారణలకు వెళ్ళే హక్కు ఆ రాష్ట్రంలో ఉంటున్న ప్రతివారికీ ఉంది. మీలో సింగరేణి ఇంటి నుంచి వచ్చినవాళ్ళు ఉంటారు, గని కప్పు కింద తండ్రి పని చేసినవాళ్ళు ఉంటారు. వెళ్ళి అడగండి. గొయ్యి ఖర్చు లెక్కలో మా బావి ఉందా, అండర్‌గ్రౌండ్ లెక్క చేశారా, చేస్తే ఆ కాగితాలు ఎక్కడ, పాత గొయ్యిలోని నీళ్ళకు, కొత్త సొరంగానికి మధ్య ఎంత రాయి వదులుతారు అని అడగండి. అనుమతి వచ్చాక అడిగితే కంపెనీ జవాబు చెప్పనక్కరలేదు. ఇప్పుడు చెప్పి తీరాలి.